బొగ్గుల కుంపటి - త్రిప్పుడు చువ్వ

మా రాయవరము చుట్టుప్రక్కల కొబ్బరిచిప్పలకు కొదువ లేదు. వానిని కాల్చి చేసిన బొగ్గు చాలసేపు నిలిచి మంచి వేడి నిచ్చును. అయినను దానిపై కోడిని కాల్చునపుడు పైభాగము మాడి లోపల పచ్చిగ నుండుట మన మెఱిగినదే. దోషము బొగ్గునది కాదు. గాలిని, త్రిప్పుటను, కొలతను మనము సరిచూడమి.

బొగ్గు గాలిని బట్టి మండును. కావున కుంపటికి క్రింద నొకటి, మూతపై నొకటి తెఱచి మూయదగిన రంధ్రము లుండవలెను. క్రిందిదానిని తెఱచినచో వేడి హెచ్చును. కొంచెము మూసినచో తగ్గును. రెండును మూసినచో నిప్పు ఆఱిపోవును. 1952వ సంవత్సరమున అమెరికాలో జార్జి స్టీఫెన్ అను నతడు చేసిన గుండ్రని మూతకుంపటి యీ సూత్రముమీదనే పనిచేయును.

త్రిప్పుడు చువ్వ వంగనిదిగ నుండవలెను. మాంసమును పట్టియుంచు ముండ్లు మరలతో బిగియవలెను. మోటారు మోయగల బరువు మనము కాల్చుదానికంటె హెచ్చుగ నుండవలెను. చువ్వ కోడి నడిమిగా పోవలెను. బరువు ఒకప్రక్కకు మ్రొగ్గినచో మోటారు కుదుపులతో తిరిగి చెడును. నిప్పులను ఇరుప్రక్కలకు త్రోసి, నడుమ క్రొవ్వు పడుటకు పళ్లెము నుంచవలెను.

మూతమీది ఉష్ణమాపకము గాలివేడినే తెలుపును. మాంసమునకు సూదివంటిది వేఱుగ కావలెను. దానిని ఎముకకు తగులకుండ తొడలోని దళసరిభాగమున గ్రుచ్చగా 74 సెంటిగ్రేడు డిగ్రీలు చూపినపుడే కోడి తినదగినది. డబ్బు చాలనిచో చువ్వను చేతితోనే త్రిప్పవచ్చును గాని, యీ సూదిని మానరాదని మా యభిప్రాయము.

తుద కొక హెచ్చరిక. బొగ్గునుండి వెలువడు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; అది ప్రాణము తీయును. విద్యార్థులారా, వాన వచ్చినను చలి వేసినను కుంపటిని గదిలోనికి తేకుడు.