బరువున్న తీగలో తన్యత ఎంత?

'తాడు బరువును ఉపేక్షించండి' అనే మాట తన్యత లెక్కల్లో మీరు తరచుగా చూసే ఉంటారు. టవర్ల మధ్య వేలాడే హైటెన్షన్ తీగ విషయంలో ఆ మాట చెల్లదు. (ఆ పేరులోని టెన్షన్ అంటే వోల్టేజి. మనకు కావలసింది తీగను లాగుతున్న బలం.)

ఒకే ఎత్తులో ఉన్న రెండు టవర్ల మధ్య దూరం 300 మీటర్లు, మీటరు తీగ బరువు 20 న్యూటన్లు, మధ్యలో తీగ 8 మీటర్లు కిందికి దిగింది అనుకుందాం. ఈ దిగుడునే ఇంజనీర్లు 'సాగ్' అంటారు. మొత్తం బరువు సుమారు 6,000 న్యూటన్లు. ఒక్కొక్క టవరు మోసేది 3,000. మరి తన్యత కూడా అంతేనా? కాదు.

తీగను అట్టడుగు బిందువు వద్ద ఊహలో కోయండి. అక్కడ తన్యత పూర్తిగా క్షితిజ సమాంతరం. మిగిలిన సగం తీగ బరువు 3,000 న్యూటన్లు, టవరుకు సుమారు 75 మీటర్ల దూరంలో పనిచేస్తుంది. టవరు కొన చుట్టూ భ్రామకాలు సమానం కావాలి కనుక, తన్యత × 8 = 3,000 × 75. అంటే 28,125 న్యూటన్లు! తీగ మొత్తం బరువుకు నాలుగున్నర రెట్ల పైమాటే.

ఈ క్షితిజ సమాంతర అంశం తీగ పొడవునా మారదు. నిలువు అంశం మాత్రం అడుగున సున్నా, టవరు వద్ద 3,000. రెండింటినీ పైథాగరస్ సూత్రంతో కలిపితే టవరు వద్ద తన్యత సుమారు 28,285. తేడా 160 న్యూటన్లు, అంటే సరిగ్గా 8 మీటర్ల తీగ బరువు. ఇది కాకతాళీయం కాదు. వాలుగా ఉన్న ప్రతి చిన్న ముక్కనూ దాని బరువు కిందికి జార్చబోతుంది. పైకొన తన్యత అంతమేరకు ఎక్కువై దాన్ని ఆపుతుంది. ఆ తేడాలన్నీ కలిస్తే ఎత్తుకు తగిన తీగ బరువే వస్తుంది.

మన భ్రామకాల లెక్క ఉజ్జాయింపే. అసలు ఆకారమైన కేటినరీ వక్రాన్ని 1691లో లైబ్నిజ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ సాధించారు. సాగ్ తక్కువైనప్పుడు తేడా స్వల్పం.

తీగను బిగించి సాగ్‌ను 4 మీటర్లకు తగ్గిస్తే? తన్యత రెట్టింపవుతుంది. అందుకు తీగ పొడవులో తగ్గవలసింది 43 సెంటీమీటర్లే! చలికి తీగ కుంచించుకుంటుంది కాబట్టి, వేసవిలో బిగుతుగా కట్టిన తీగ శీతాకాలంలో ప్రమాదకరం. అలాగని మరీ వదులుగా కడితే ఎండాకాలంలో నేలకు దగ్గరవుతుంది.

10 మీటర్ల సాగ్‌కు లెక్క మీరే చేయండి. టవరు వద్ద తన్యత సుమారు 22,700 న్యూటన్లు రావాలి.