ఏ బటన్ నొక్కుతున్నాం?

డీబీఎంఎస్ ల్యాబ్‌లో ఎక్కువగా వినపడే మాట "నాకు వచ్చింది, నీకెందుకు రావట్లేదు?" అనేదే. క్వెరీ ఒకటే, టేబుల్ ఒకటే, ఆన్సర్ మాత్రం వేరు. చాలాసార్లు తేడా క్వెరీలో ఉండదు, దాన్ని ఎలా రన్ చేశామన్న దాంట్లో ఉంటుంది. ఒరాకిల్ ఎస్‌క్యూఎల్ డెవలపర్‌నే తీసుకుందాం.

ముందు క్వెరీ రాయడం. వర్క్‌షీట్‌లో టైప్ చేయడం అందరికీ తెలిసిందే. ఎడమవైపు కనెక్షన్స్ లిస్టులోంచి టేబుల్‌ని మౌస్‌తో లాక్కొచ్చి వర్క్‌షీట్‌లో వదిలితే, సెలెక్ట్ కావాలా, ఇన్సర్ట్ కావాలా అని అడిగి కాలమ్ పేర్లన్నీ తనే రాసిపెడుతుంది. పన్నెండు కాలమ్‌ల టేబుల్‌కి ఇన్సర్ట్ రాసే ఓపిక లేనప్పుడు ఇది నిజంగా వరం. క్వెరీ బిల్డర్ అని ఇంకో ట్యాబ్ ఉంది, అందులో జాయిన్‌ని బొమ్మలా గీయొచ్చు. నాకు పెద్దగా నచ్చలేదు. వైవాలో చేత్తోనే రాయమంటారు కదా! నిన్నటి క్వెరీ కనపడకపోతే ఎఫ్8 నొక్కండి, హిస్టరీలో దొరుకుతుంది.

అసలు కథ రన్ చేసేటప్పుడు. కంట్రోల్-ఎంటర్ కొడితే కర్సర్ ఉన్న ఒక్క స్టేట్‌మెంటే నడుస్తుంది. సెలెక్ట్ అయితే ఫలితం గడుల పట్టికలా వస్తుంది. మామూలుగా మొదట 50 వరసలే తెస్తుంది, స్క్రోల్ చేస్తే మిగతావి. ఆ 50 చూసి టేబుల్లో ఉన్నవి అంతే అని రికార్డులో రాసేయకండి. ఎఫ్5 అయితే వర్క్‌షీట్ మొత్తం పైనుంచి కిందిదాకా నడుస్తుంది. మధ్యలో ఎర్రర్ వచ్చినా, ఆగమని మనం ముందే రాయకపోతే, తర్వాతి స్టేట్‌మెంట్‌కి వెళ్లిపోతుంది.

ఇంకోటి ఉంది. మౌస్‌తో కొంత భాగం సెలెక్ట్ చేసి రన్ చేస్తే అంతవరకే నడుస్తుంది. ఎంప్ టేబుల్ మీద డిలీట్ రాశారనుకోండి. పై లైన్ ఒక్కటే సెలెక్ట్ అయి, 'వేర్' ఉన్న లైన్ బయట ఉండిపోతే 14 మంది ఉద్యోగులూ గోవిందా. కంగారు పడక్కర్లేదు, ఎఫ్12 నొక్కితే రోల్‌బ్యాక్ అయి వెనక్కి వస్తారు. ఎందుకంటే ఈ టూల్‌లో మనం సెట్టింగ్ మార్చకపోతే ఆటోకమిట్ ఆఫ్‌లో ఉంటుంది. మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్‌లో అది ఆన్‌లో ఉంటుంది కాబట్టి అక్కడి అలవాటుతో వచ్చినవాళ్లు ఇక్కడ తికమక పడతారు. ఇన్సర్ట్ చేసిన వరసలు మీ స్క్రీన్‌లో కనిపిస్తాయి, పక్క సిస్టమ్‌లో కనపడవు. ఎఫ్11తో కమిట్ చేస్తేనే అక్కడ కనిపించేది.

డ్రాప్, క్రియేట్ లాంటివాటికి రోల్‌బ్యాక్ లేదు, అవి వాటంతట అవే కమిట్ అయిపోతాయి. మా రూమ్మేట్ హాస్టల్ మెస్ ప్రాజెక్ట్ కోసం రెండు రాత్రులు కూర్చుని డేటా ఎక్కించాడు. ఫైల్ మొదట్లో డ్రాప్ టేబుల్, దాని కింద క్రియేట్. ఆఖరి సెలెక్ట్ ఒక్కటి చూద్దామని అలవాటుగా ఎఫ్5 కొట్టాడు. పాత టేబుల్ పోయి ఖాళీ టేబుల్ వచ్చింది.

ఇలా అయితే ఒరాకిల్ రీసైకిల్ బిన్ చూడండి. 'ఫ్లాష్‌బ్యాక్ టేబుల్ టు బిఫోర్ డ్రాప్' వాడొచ్చు. అదే పేరుతో కొత్త టేబుల్ ఉంటుంది కాబట్టి 'రీనేమ్ టు' అని వేరే పేరు ఇవ్వాలి. సిస్టమ్ యూజర్‌తో లాగిన్ అయి, సిస్టమ్ టేబుల్‌స్పేస్‌లోనే టేబుల్ చేసుంటే మాత్రం ఆ చాన్స్ లేదు. మావాడు లాగిన్ అయింది సిస్టమ్‌తోనే.