మినెస్ట్రోనే: ఇటలీవారి కూరగాయల సూపు

ఇటలీ భోజనశాలలలో వడ్డించు మినెస్ట్రోనే సూపును ఇంటియందే సులభముగా చేసికొనవచ్చును. రాజ్మా గింజలను రాత్రియంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోయవలెను. పిదప వేరు నీటిలో కనీసము 30 నిమిషములు తెర్లనిచ్చి, మెత్తబడువరకు ఉడికింపవలెను. సరిగా ఉడకని గింజలలోని విషపదార్థము వాంతులు, విరేచనములు కలిగించును. సన్నని సెగ దానిని పోగొట్టజాలదు.

ఉల్లి, కారట్, క్యాబేజీ, టమాటో ముక్కలను కొద్ది నూనెలో మగ్గనిచ్చి, ఉడికిన గింజలు, నీరు, మిలాను నగరవాసుల వలె గుప్పెడు బియ్యము చేర్చి ఉడికింపవలెను. చిక్కదనమునకు మీగడ అక్కరలేదు. కొన్ని గింజలను మెదిపి కలిపిన చాలును. టమాటోలోని సి విటమిను గింజలలోని ఇనుమును శరీరము గ్రహించుటకు తోడ్పడును. ఉప్పు మితముగా వేయవలెను. పెద్దలకు దినమునకు అన్ని ఆహారములలో కలిపి 5 గ్రాములకు మించరాదు.