కనిపించేది మంట.. కూల్చేది మరొకటి!

* సినిమా పేలుళ్లలో ఆర్భాటం ఎక్కువ, విధ్వంసం తక్కువ
* తిరునాళ్ల బాణసంచాకు అక్కడి కట్టుబాట్లే పాఠం

కోటప్పకొండ: మహాశివరాత్రి నాడు త్రికోటేశ్వరస్వామి తిరునాళ్లకు కోటప్పకొండ దిగువన ప్రభలు బారులు తీరుతాయి. కావూరు, పురుషోత్తమపట్నం తదితర గ్రామాల నుంచి తరలివచ్చే విద్యుత్‌ ప్రభల వెలుగులో లక్షలాది భక్తులు రాత్రంతా జాగరణ చేస్తారు. తిరునాళ్లు, ఊరేగింపులు అన్నాక బాణసంచా సందడి ఉండనే ఉంటుంది. ఇటీవలి కాలంలో పెళ్లిళ్లలోనూ, సభల్లోనూ సినిమాల్లో మాదిరిగా నేల నుంచి మంటలు, రవ్వలు ఎగజిమ్మే ఏర్పాట్లు చేయించడం పరిపాటి అయింది. అయితే తెరపై కనిపించే పేలుడుకూ, నిజమైన పేలుడుకూ మధ్య తేడా ఏమిటన్నది చాలామందికి తెలియదు. పలు ప్రమాదాలకు ఈ అవగాహన లోపమే దారితీస్తోంది.

క్వారీలో ఒకలా.. తెరపై మరోలా

పల్నాడు వాసులకు పేలుడు కొత్త కాదు. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాల్లోని సున్నపురాయి గనుల్లో బ్లాస్టింగ్‌ను దూరం నుంచి గమనించినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. అక్కడ ఎర్రటి మంట కనిపించదు. నేల ఒక్కసారిగా ఉబ్బినట్లయి, రాయి పగిలి, తెల్లటి దుమ్ము పైకి లేస్తుంది. కాసేపటికి శబ్దం చెవిన పడుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది కనుక, కిలోమీటరు దూరంలో నిలబడినవారికి చప్పుడు వినిపించేందుకు దాదాపు మూడు సెకన్లు పడుతుంది. అదే సినిమాలో జీపు పేలితే తాటిచెట్టు ఎత్తున మంట లేస్తుంది. శబ్దం కూడా మంటతోపాటే వినిపిస్తుంది. ఆ శబ్దం చిత్రీకరణ ముగిశాక విడిగా జోడించినది.

ఈ తేడాకు కారణం మండే తీరులో ఉంది. గనుల్లో వాడే పేలుడు పదార్థాల్లో రసాయనిక చర్య ధ్వనిని మించిన వేగంతో, సెకనుకు వేల మీటర్ల చొప్పున సాగుతుంది. దానివల్ల పుట్టే ఒత్తిడి తరంగమే రాతిని చీలుస్తుంది. శక్తిలో కొంతభాగం రాతిని పగలగొట్టి కదిలించడానికి ఖర్చవుతుంది. కంటికి ఆనే వెలుగు స్వల్పం. సినిమావారికి కావలసింది ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పేలుడు కంటికి నిండుగా కనిపించాలి, కెమెరాకు చిక్కేంతసేపు నిలవాలి, ఎవరికీ దెబ్బ తగలకూడదు. అందుకే వారు మెల్లగా మండే ఇంధనాన్ని ఆశ్రయిస్తారు. తెరపై గుండ్రంగా సుడులు తిరుగుతూ లేచే నారింజరంగు మంట చాలావరకు గాలిలోకి చిమ్మిన ఇంధన తుంపరలు అంటుకోవడం వల్ల ఏర్పడినదే.

2015లో విడుదలైన జేమ్స్‌బాండ్‌ చిత్రం 'స్పెక్టర్‌' ఇందుకు చక్కటి ఉదాహరణ. మొరాకో ఎడారిలో చిత్రీకరించిన పేలుడు అప్పట్లో సినిమా చరిత్రలోనే అతి పెద్దదిగా గిన్నిస్‌ రికార్డులకెక్కింది. దానికి వాడిన కిరోసిన్‌ 8,418 లీటర్లు కాగా, పేలుడు పొడి కేవలం 33 కిలోలు. ఆ దృశ్యం ఏడున్నర సెకన్లపాటు సాగింది. అంటే తెరను నింపిన ఘనత అధికభాగం కిరోసిన్‌దే.

మట్టి లేస్తుంది.. రాయి లేవదు

యుద్ధ సన్నివేశాల్లో సైనికుల పక్కనే నేల పేలి మట్టి ఎగసిపడటం చూస్తుంటాం. నిజమైన పేలుడులో ప్రాణాలు తీసేవి ముఖ్యంగా ఎగిరిపడే రాళ్లు, ఇనుప ముక్కలు. కనుక సినిమాల్లో ముందుగా తొలగించేది వాటినే. నేలను ఎంపిక చేసిన చోట రాళ్లు ఏరివేసి, జల్లించిన మెత్తటి మన్ను, రంపపు పొట్టు, బెరడు పొడి వంటి తేలికపాటి పదార్థాలు నింపుతారు. వాటిని చిమ్మే మందమైన ఉక్కు పాత్రను నోరు పైకి ఉండేలా భూమిలో అమర్చుతారు. దాంతో పక్కలకు చెదిరే శక్తి తగ్గి, మట్టి నిటారుగా పైకి లేస్తుంది. నటులు ఎటు పరుగెత్తాలో, ఎక్కడ ఆగాలో గుర్తులు పెట్టి ముందుగానే పలుమార్లు సాధన చేయిస్తారు. మందుగుండు ఊసే లేకుండా, బిగించిన గాలి ఒత్తిడితో మట్టిని చిమ్మే యంత్రాలు కూడా వాడుకలో ఉన్నాయి.

మిగిలిన పని కెమెరాది. దూరాన్ని దగ్గర చేసి చూపే కటకం వల్ల, ఎన్నో గజాల అవతల లేచిన మంట కథానాయకుడి వీపునే తాకుతున్నట్లు భ్రమ కలుగుతుంది. సాధారణంగా సెకనుకు 24 చొప్పున తీసే చిత్రాలను అంతకు కొన్ని రెట్లు వేగంగా తీసి నెమ్మదిగా ప్రదర్శిస్తే, చిన్న పేలుడు కూడా భారీగా తోస్తుంది. నేడు మంటలను కంప్యూటర్‌లో జోడించడమూ సర్వసాధారణమైంది.

హద్దు దాటితే అనర్థమే

ఇన్ని జాగ్రత్తలున్నా, దూరం విషయంలో ఉపేక్షిస్తే సినిమా పేలుడు సైతం ప్రాణాంతకమవుతుంది. 1982 జులై 23న అమెరికాలోని కాలిఫోర్నియాలో 'ట్విలైట్‌ జోన్‌' చిత్రీకరణ సమయంలో నేలపై అమర్చిన మందుగుండు పేలి, తక్కువ ఎత్తులో ఎగురుతున్న హెలికాప్టర్‌ తోకభాగం దెబ్బతింది. అది కూలిపోవడంతో నటుడు విక్‌ మారో, ఇద్దరు బాలలు దుర్మరణం పాలయ్యారు. ఆ దుర్ఘటన అనంతరం హాలీవుడ్‌లో భద్రతా నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి.

తిరునాళ్లలో, ఉత్సవాల్లో పరిస్థితి ఇంకా భిన్నం. సినిమాలో శబ్దం తరువాత కలుపుతారు. ఇక్కడ శబ్దమే గొప్పగా భావిస్తారు. మందును ఎంత గట్టిగా బిగిస్తే అంత చప్పుడు, అంత ముప్పు. పైగా సినిమాలో మైదానం ఖాళీగా ఉంటుంది, ఇక్కడ భుజం భుజం రాసుకునే జనం ఉంటారు. 2016 ఏప్రిల్‌ 10 తెల్లవారుజామున కేరళలోని కొల్లం జిల్లా పుట్టింగల్‌ ఆలయంలో, అధికారులు అనుమతి నిరాకరించినా సాగిన బాణసంచా ప్రదర్శనలో నిల్వ గదికి నిప్పంటుకుని వందమందికి పైగా మరణించారు. మన రాష్ట్రంలో 2024 దీపావళి నాడు ఏలూరులో ద్విచక్రవాహనంపై తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు కుదుపునకు పేలి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. 2025 ఏప్రిల్‌ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలోని బాణసంచా తయారీ కేంద్రంలో సంభవించిన పేలుడు ఎనిమిదిమందిని బలిగొంది. వెలిగించిన చోటే కాదు, నిల్వచేసిన చోట, తరలించే దారిలో, తయారుచేసే గదిలోనూ ముప్పు పొంచి ఉంటుందనడానికి ఈ మూడు ఘటనలే నిదర్శనం.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నిబంధనల ప్రకారం బాణసంచా తయారీకి, విక్రయానికి, బహిరంగ ప్రదర్శనకు లైసెన్సు తప్పనిసరి. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్దంతో పేలే టపాకాయలను కాల్చరాదని సుప్రీంకోర్టు 2005లో ఆదేశించింది. నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్‌కు మించి శబ్దం చేసే టపాకాయలపై నిషేధం ఉంది.

సినిమా బృందాలు పాటించే కట్టుబాట్లు ఉత్సవ కమిటీలకూ అనుసరణీయమే. పేల్చే అధికారం శిక్షణ పొందిన ఒక్కరికే ఉండాలి. తాడు కట్టిన హద్దులోకి ఎవరినీ రానివ్వరాదు. మిగిలిన సరుకును కాల్చే చోటుకు దూరంగా మూసి ఉంచాలి. వెదురు, గుడ్డ, కాగితం, విద్యుత్‌ తీగలు కలగలిసి ఉండే ప్రభల చెంత నిప్పు రాజేయరాదు. వేదికలపై రవ్వలు చిమ్మే యంత్రాలను 'కోల్డ్‌ ఫైర్‌' అని పిలుస్తున్నా, వెలువడేవి కాలుతున్న లోహపు రేణువులేనని, పైనున్న పందిరి గుడ్డకు అవి ప్రమాదకరమని గుర్తించాలి.

పేలకుండా మిగిలిన టపాకాయల వద్దకు వెళ్లి వంగి చూడటం, మళ్లీ వెలిగించడం ప్రాణాల మీదకు తెస్తుంది. తిరునాళ్ల మరునాడు పొలాల్లో, బాటల వెంట పడి ఉన్నవాటిని పిల్లలు ఏరుకోకుండా పెద్దలు కనిపెట్టుకుని ఉండాలి. అలాంటివి కంటపడితే తాకకుండా పోలీసులకు సమాచారం ఇవ్వాలి. అగ్నిప్రమాదం సంభవిస్తే 101కు, గాయపడినవారి కోసం 108కు వెంటనే ఫోన్‌ చేయాలి.