సంకర సిక్లిడ్ చేపల వంశమూలం: వ్యాపార నామాలపై ఎంతవరకు ఆధారపడవచ్చు?

హైదరాబాదు పాతబస్తీలోని మొఘల్‌పురా వంటి ప్రాంతాలలో అక్వేరియం పెంచేవారిని నుదుట ఎత్తైన బుడిపె గల ఫ్లవర్‌హార్న్ చేప విశేషంగా ఆకర్షిస్తుంది. దీనిని కామ్‌ఫా, జెన్‌జు, థాయ్ సిల్క్ వంటి పేర్లతో విక్రయిస్తారు. ఇవి ఆకారాన్ని, రంగును సూచించే వ్యాపార నామాలే గాని వంశాన్ని తెలిపేవి కావు. పావురాన్ని కొనేముందు దాని తల్లిదండ్రుల గురించి ఆరా తీసే పాతబస్తీ పెంపకందారు, అంతకంటే ఖరీదైన చేప విషయంలో పేరుతోనే తృప్తి పడటం వింతగా తోస్తుంది. జంటను కొని పిల్లలను ఉత్పత్తి చేయదలచిన వారికి ఈ అలవాటు నష్టదాయకం.

మన చెరువులలోని తిలాపియా మాదిరిగానే ఫ్లవర్‌హార్న్ కూడా సిక్లిడ్ కుటుంబానికి చెందినదే. అయితే ఇది ప్రకృతిలో సహజంగా లేదు. 1990వ దశకంలో మలేషియాలో మధ్య అమెరికా సిక్లిడ్‌లను సంకరపరచి రూపొందించారు. బ్లడ్ ప్యారట్ అంతకుముందే, 1986 ప్రాంతంలో తైవాన్‌లో వెలువడింది. దాని జనకులు మిడాస్ సిక్లిడ్, రెడ్‌హెడ్ సిక్లిడ్ అని సాధారణంగా భావిస్తారు. ఫ్లవర్‌హార్న్‌కు మూలంగా ఆంఫిలోఫస్ ట్రైమాక్యులేటస్ మొదలైన పలు జాతులను పేర్కొంటారు. ఉత్పత్తిదారులు తమ సంకరణ వివరాలను వ్యాపార రహస్యంగా ఉంచడం వల్ల ఇవి ఊహలుగానే మిగిలాయి.

శాస్త్రీయ నామాలు కూడా ఈ అయోమయాన్ని పెంచాయి. ఒకప్పుడు అమెరికా ఖండపు సిక్లిడ్‌లలో అనేకం సిక్లసోమా అనే ఒకే ప్రజాతిలో ఉండేవి. 1983లో కులాండర్ ఆ పేరును కొద్దిపాటి దక్షిణ అమెరికా జాతులకే పరిమితం చేసినప్పటికీ వ్యాపారంలో పాత పేరు నేటికీ వినవస్తుంది.

డి.ఎన్.ఏ. పరీక్షతో సమస్య తీరుతుందని చాలామంది భావిస్తారు. జాతి గుర్తింపునకు సాధారణంగా పరీక్షించే మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. కనుక అది తల్లి వైపు వరుసను చూపుతుందే తప్ప తండ్రి జాతిని చెప్పదు. పలు తరాలు తిరిగి సంకరమైన చేపలో ఈ డి.ఎన్.ఏ. ఒక జాతిదై, తక్కిన వారసత్వంలో అధిక భాగం వేరొక జాతిది కావచ్చును. కణకేంద్రక గుర్తులను కూడా పరిశీలించాలి. నికరాగ్వా సరస్సులలోని మిడాస్ వర్గపు జాతులు ఇటీవలి కాలంలోనే విడివడినందున, ఆ గుర్తులతో సైతం వాటిని వేరుచేయడం కష్టం.

పెంపకందారునకు వెంటనే ఎదురయ్యేది మగ చేపల వంధ్యత్వం. బ్లడ్ ప్యారట్ మగవి అధికంగా వంధ్యములు. ఫ్లవర్‌హార్న్ మగవాటిలోనూ ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. ఆడ చేప గుడ్లు పెట్టినంత మాత్రాన జంట సఫలమైనట్లు కాదు. ఫలదీకరణ చెందని గుడ్లు తెల్లబారి బూజు పడతాయి. చెందినవి సుమారు 28 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు రోజులలో పొదుగుతాయి. గుడ్లు తెల్లబారితే అదే ఆడ చేపను, లోగడ పిల్లలనిచ్చిన మరొక మగ చేపతో జతపరచి చూడాలి. పిల్లలు పుట్టినా అన్నింటికీ తండ్రి బుడిపె, రంగు వస్తాయని ఆశించరాదు.

మిగిలిన పిల్లలను చెరువులలో వదలడం తగదు. సింగపూరు జలాశయాలలో ఫ్లవర్‌హార్న్ స్థిరపడింది. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియా ఎంతగా వ్యాపించిందో మత్స్యకారులకు తెలియనిది కాదు.

గత వంశాన్ని నిర్ధారించలేకపోయినా ఇకపై పుట్టేవాటి వంశాన్ని నమోదు చేయవచ్చును. ప్రతి ఈతకు జనకుల గుర్తింపు సంఖ్యలు, వాటిని కొన్న చోటు, గుడ్లు పెట్టిన తేదీ, పొదిగిన పిల్లల సంఖ్య రాసి, వ్యాపార నామాన్ని వేరే గడిలో చూపాలి. జనకుల జాతి తెలియని చోట ‘తెలియదు’ అని రాయాలి.