ఆకాశంలో బండిచక్రం

చెరువులో రాయి వేస్తే, అది పడినచోటి నుంచి అలలు గుండ్రంగా గట్టుదాకా వ్యాపించటం మీరు చూసే వుంటారు. ఆకాశంలో కూడా అటువంటి అల ఒకటి వున్నది!

కోటానుకోట్ల నక్షత్రాలూ, వాయువూ, ధూళీ కలిసిన మహాసమూహాన్ని గెలాక్సీ అంటారు. మన సూర్యుడు పాలపుంత అనే గెలాక్సీలోని వాడు. 1941లో ఫ్రిట్జ్ జ్విక్కీ అనే శాస్త్రజ్ఞుడు అచ్చంగా బండిచక్రంలా వున్న గెలాక్సీ నొకదాన్ని కనుగొన్నాడు. అది మనకు సుమారు 50 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన వున్నది.

ఒకప్పుడు అది మామూలు గెలాక్సీయే. చిన్న గెలాక్సీ ఒకటి వచ్చి, దాని నడిమధ్యగా దూసుకుపోయింది. మరి నక్షత్రాలు ఢీకొని బద్దలైనాయా? లేదు. నక్షత్రానికీ నక్షత్రానికీ మధ్య ఎడం అంత ఎక్కువ! కాని ఆ చిన్నదాని ఆకర్షణవల్ల పెద్దదానిలోని నక్షత్రాలూ, వాయువూ ఒకసారి లోపలికి లాగబడి, మళ్ళీ వెలుపలికి పొంగాయి. ఆ పొంగే వలయాకారపు అల అయింది. అది ఇంకా విస్తరిస్తూనే వున్నది.

అల సాగినచోట వాయువు ఒత్తుకుని, ముద్దలు కట్టి, కొత్త నక్షత్రాలు పుడతాయి. చక్రం అంచున నీలంగా మెరిసేవి అవే. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఈ చక్రాన్ని ఫోటో తీసింది.

రెండు గెలాక్సీలు ఢీకొంటే సర్వనాశనమే ననుకుంటాం. ఇక్కడ ఆ తాకిడే కొత్త సూర్యులకు పురుడు పోసింది!