పాత బాకీ, కొత్త ఖాతా

భారతదేశంలో నూతన సంవత్సరం ఒక్క రోజున రాదు. తెలుగువారికి, కన్నడిగులకు, మహారాష్ట్రులకు అది చైత్ర శుద్ధ పాడ్యమినాడు వస్తుంది. పంజాబు, తమిళనాడు, కేరళ, అస్సాం, బెంగాల్ ప్రాంతాల ప్రజలు ఏప్రిల్ నడిమి రోజులలో సంవత్సరాదిని జరుపుకుంటారు. గుజరాతు వర్తకునికి దీపావళి మరునాడు కొత్త ఏడు మొదలవుతుంది. ప్రభుత్వ కార్యాలయాలకూ బ్యాంకులకూ ఏప్రిల్ 1 సంవత్సరారంభం. తేదీలు వేరు, పంచాంగాలు వేరు, పిండివంటలు వేరు. అయినా ఈ వైవిధ్యం వెనుక ఒక పోలిక కనిపిస్తుంది. దేశంలోని అనేక ప్రాంతాలలో కొత్త సంవత్సరమంటే లెక్క చూసుకునే రోజు. పాత బాకీ ఎంత మిగిలినదో తేల్చుకుని, కొత్త పుస్తకంలో మొదటి పుట తెరిచే రోజు.

కొత్త ఏడు రాగానే ఏవో సంకల్పాలు చెప్పుకోవడం నేడు అందరికీ అలవాటైంది. అప్పులు తీర్చివేయాలన్నది వాటిలో తరచుగా వినిపించే సంకల్పం. కాని అది నెల తిరగకుండానే వీగిపోవడమూ తరచుగా జరిగేదే. దీనికి కారణం మనసు గట్టిది కాకపోవడమే అనుకుంటాము. మన పూర్వుల ఆచారాలనూ, ఋణాల చరిత్రనూ పరిశీలిస్తే మరొక కారణం తోస్తుంది. అప్పు తీరడానికి సంకల్పం ఒక్కటే చాలదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఇద్దరూ చూడగల వ్రాతపూర్వకమైన లెక్క కావాలి.

ఎర్రని పుస్తకం

బెంగాలీ సంవత్సరాదికి ‘పయిలా బైశాఖ్’ అని పేరు. ఆనాడు వర్తకులు ‘హాల్ ఖాతా’ జరుపుతారు. ‘హాల్’ అంటే ప్రస్తుతం, వర్తమానం. ‘ఖాతా’ మనకు తెలిసిన మాటే. ఎర్రని గుడ్డతో అట్ట కట్టిన కొత్త లెక్కల పుస్తకాన్ని కలకత్తా వర్తకులు కాళీఘాట్, దక్షిణేశ్వర ఆలయాలకు తీసుకుపోయి పూజ చేయిస్తారు. అంగడిని పూలతో అలంకరించి, ఖాతాదారులను ఆహ్వానిస్తారు. వచ్చినవారు పాత బాకీ చెల్లిస్తారు. పూర్తిగా చెల్లించలేనివారు కొంతైనా ఇచ్చి మిగిలినది కొత్త పుస్తకంలో వ్రాయించుకుంటారు. వర్తకుడు వారికి మిఠాయిలు పెట్టి, కేలండరు చేతికిచ్చి సాగనంపుతాడు. సరిహద్దుకు ఆవల బంగ్లాదేశ్‌లోనూ ఈ ఆచారమున్నది. పాత ఢాకా వీధులలో హిందూ వర్తకులూ ముస్లిం వర్తకులూ దీనిని పాటిస్తారు. కంప్యూటరు లెక్కలు వచ్చిన తరువాత ఎర్ర పుస్తకాల వాడకం తగ్గిన మాట నిజమే గాని, ఆచారం పూర్తిగా అంతరించలేదు.

గుజరాతులో దీపావళినాడు ‘చోప్డా పూజన్’ జరుగుతుంది. చోప్డా అంటే లెక్కల పుస్తకం. కొత్త పుస్తకం మొదటి పుటలో ‘శుభ్’, ‘లాభ్’ అని వ్రాసి, ‘శ్రీ’ అనే అక్షరాన్ని గోపురం ఆకారంలో వరుసలుగా వ్రాస్తారు. లక్ష్మీదేవితోపాటు సరస్వతిని కూడా పూజిస్తారు. ధనానికి చదువు, వ్రాత తోడుండాలన్న భావం ఇందులో కనిపిస్తుంది. కొన్నాళ్ళు అంగళ్ళు మూసి, ‘లాభ్ పంచమి’ నాడు తిరిగి వ్యాపారం ప్రారంభించడం అక్కడి రివాజు.

మన ఉగాదికి లెక్కల పుస్తకంతో ఇంతటి సంబంధం లేదు. అయినా పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ ముందుగా వినిపించేది ఆదాయ వ్యయాలే. ఆదాయం ఐదు, వ్యయం పదకొండు అని చదవగానే వింటున్నవారి ముఖాలు మారిపోవడం మనమంతా చూసినదే. గ్రహాల సంగతి ఎట్లా ఉన్నా, సంవత్సరం మొదటి రోజున రాబడినీ ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం చక్కనిది.

ఒక భాష నుంచి మరొక భాషలోకి అనువదించేవారికి ఇక్కడ ఒక విశేషం ఎదురవుతుంది. ఋణానికి సంబంధించిన పదాలను తరచు అనువదించవలసిన పనే ఉండదు. బాకీ, ఖాతా, జమ, ఖర్చు, వసూలు మొదలైన మాటలు హిందీలో ఎట్లా ఉన్నవో, చిన్నచిన్న ఉచ్చారణ భేదాలతో తెలుగులోనూ అట్లాగే ఉన్నవి. బెంగాలీ, గుజరాతీ, మరాఠీ భాషలలో కూడా వీటిలో చాలా భాగం వినిపిస్తవి. సంస్కృతం నుంచి వచ్చిన ‘ఋణం’ దేశమంతటికీ తెలిసినదే. పాలకులు మారినా, లిపులు వేరైనా, ఇచ్చిపుచ్చుకునేవారి భాష దేశాన్ని ఈ విధంగా కలిపి ఉంచింది.

ఒకరి చేతిలోనే పుస్తకముంటే

ఇంతవరకు చూసినది పండుగ వెలుగు. దీనికి చీకటి పార్శ్వం కూడా ఉన్నది. లెక్కల పుస్తకం ఒకరి చేతిలోనే ఉండి, రెండవవాడు దానిని చదవలేకపోతే ఏమి జరుగుతుందో ప్రేమ్‌చంద్ ‘సవా సేర్ గేహూఁ’ అనే కథలో చూపించాడు. శంకర్ అనే రైతు తన ఇంటికి వచ్చిన సాధువుకు భోజనం పెట్టడానికి ఒక పురోహితుని వద్ద సేరుంబావు గోధుమలు బదులు తెస్తాడు. పంట నూర్చిన తరువాత, ఆనవాయితీగా ఇచ్చే కళ్ళం గింజలతోపాటు బదులుకు మించిన గోధుమలు కలిపి ఇచ్చి, ఋణం తీరిపోయిందనుకుంటాడు. ఆ సంగతి పైకి చెప్పడు, వ్రాయించుకోడు. ఏడేళ్ళ తరువాత పురోహితుడు సేరుంబావు గోధుమలు మణుగుల లెక్కకు పెరిగినవని చెబుతాడు. శంకర్ జీవితమంతా అతని వద్ద వెట్టి చేసి మరణిస్తాడు. ఆ పిమ్మట కొడుకు మెడపై అదే కాడి పడుతుంది. శంకర్ అప్పు ఎగవేయలేదు. నిజానికి తీర్చివేశాడు. తీర్చినట్టు వ్రాత లేకపోవడమే అతని కొంప ముంచింది.

కథలో జరిగినది చరిత్రలోనూ జరిగింది. 1875 మే నెలలో పుణె జిల్లాలోని సూపా గ్రామంలో రైతులు వడ్డీవ్యాపారుల ఇండ్లపై బడ్డారు. వారు ముఖ్యంగా కోరినది లెక్కల పుస్తకాలూ ఋణపత్రాలూ. వాటిని తెచ్చి తగులబెట్టారు. అల్లర్లు పుణె, అహ్మద్‌నగర్ జిల్లాలలోని అనేక గ్రామాలకు పాకినవి. ఒకచోట పూజలందుకునే పుస్తకమే మరొకచోట మంటల పాలైంది. తరువాత 1879లో వచ్చిన దక్కన్ వ్యవసాయదారుల సహాయ చట్టం న్యాయస్థానాలకు ఋణపత్రంలోని అంకెతో ఆగక, దాని వెనుక ఉన్న లావాదేవీల చరిత్రను మొదటి నుంచి విచారించే అధికారమిచ్చింది. చెల్లించిన సొమ్ముకు రసీదు, సంవత్సరానికొకసారి లెక్క వివరం పొందే హక్కును రైతుకు కల్పించింది. పంజాబులో 1930లో చేసిన లెక్కల క్రమబద్ధీకరణ చట్టం కూడా ఋణదాత సరియైన లెక్కలుంచి, వాటిని ఋణగ్రస్తునికి అందజేయాలని విధించింది.

ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, రాజగోపాలాచారి ప్రభుత్వం 1938లో వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీని ఆ చట్టం రద్దుచేసింది. అసలుకు రెట్టింపు సొమ్ము అప్పటికే చెల్లించి ఉంటే ఆ ఋణం పూర్తిగా తీరినట్టేనని ప్రకటించింది. ఒకేసారి వసూలు చేసే వడ్డీ అసలును మించరాదన్న నియమం మన ప్రాచీన ధర్మశాస్త్రాలలోనే ఉన్నది. బొంబాయి ప్రాంతంలో దానిని ‘దామ్‌దుపట్’ అంటారు. ఇక తండ్రి చేసిన అప్పుకు కొడుకు వెట్టిచాకిరీ చేసే దురాచారాన్ని 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నిషేధించి, అటువంటి ఋణాలను రద్దుచేసింది.

వడ్డీ నడక

చట్టాలున్నా వడ్డీ గణితం మారదు. మన పల్లెలలో వడ్డీని ‘నూటికి రెండు రూపాయలు’ అంటారు. వినడానికి అది స్వల్పంగా తోస్తుంది. అది నెలకు రెండు రూపాయలు కాబట్టి, సంవత్సరానికి నూటికి ఇరవైనాలుగు. ఈ లెక్కన 10,000 రూపాయలకు ప్రోనోటు వ్రాసిన వ్యక్తి మూడేళ్ళు ఏమీ చెల్లించలేదనుకుందాము. వడ్డీ 7,200 రూపాయలవుతుంది. మూడేళ్ళకు నోటుకు కాలదోషం పడుతుంది కాబట్టి, దానిని తిరగవ్రాయడం వాడుక. ఇప్పుడు అసలు 17,200. మరో మూడేళ్ళకు దానిపై వడ్డీ 12,384. మొత్తం 29,584 రూపాయలు. పైసా అదనంగా పుచ్చుకోకుండానే ఆరేళ్ళలో అప్పు ఇంచుమించు మూడు రెట్లైంది. నేడు పట్టణాలలో క్రెడిట్ కార్డు బాకీ చాలాచోట్ల నెలకు నూటికి మూడు రూపాయలో అంతకు మించియో పడుతున్నది. కాగితం పోయి తెర వచ్చినా వడ్డీ నడక అదే.

ఏడాదికి ఒక లెక్క

కొత్త సంవత్సరంలో అప్పు తీర్చదలచినవారు చేయవలసిన మొదటి పని ఒక కాగితంపై అన్ని అప్పులూ వ్రాయడం. ఎవరికి, ఎంత అసలు, ఏ వడ్డీకి, ఏ తేదీన తెచ్చినది, ఇంతవరకు ఎంత చెల్లించినది అనే వివరాలన్నీ అందులో ఉండాలి. చాలా కుటుంబాలలో ఈ పని ఎన్నడూ జరగదు. ఇంటి పెద్ద అప్పు సంగతి పరువుకు వెరచి దాచుకుంటాడు. పిల్లలకు అది తెలిసేసరికి పొలమో నగలో పోయి ఉంటవి.

ఒక ఉదాహరణ తీసుకుందాము. ఒక కుటుంబానికి మూడు అప్పులున్నవి. మూడు రూపాయల వడ్డీకి 20,000, రెండు రూపాయల వడ్డీకి 40,000, నగలు కుదువబెట్టి బ్యాంకులో తెచ్చినది రూపాయి వడ్డీకి 30,000. మొత్తం 90,000 రూపాయలు. నెలకు వడ్డీయే 1,700. ఈ కుటుంబం నెలకు 5,000 రూపాయలు అప్పులకై కేటాయించగలదనుకుందాము. మిగిలిన రెండింటికీ ఆ నెల వడ్డీ మాత్రం చెల్లించి, మిగతా సొమ్మంతా మూడు రూపాయల అప్పుకు జమ చేస్తూ పోతే ఆరవ నెలలో అది తీరిపోతుంది. ఏడవ నెల నుంచి ఆ సొమ్ము రెండవ అప్పు వైపు మళ్ళుతుంది. పన్నెండు నెలలు గడిచేసరికి మొత్తం ఋణం 44,000 రూపాయలకు లోపు దిగుతుంది. నెలకు పడే వడ్డీ 1,700 నుంచి 580కి లోపు పడిపోతుంది. అప్పులన్నీ తీరలేదు. కాని రెండవ సంవత్సరంలో చెల్లించే ప్రతి అయిదు వేలలో అత్యధిక భాగం అసలుకే పోతుంది. లక్ష్యమంటే ఇటువంటిది. ‘ఈ ఏడు అప్పు తీర్చాలి’ అన్నది కోరిక. ‘ఆరవ నెలకు మూడు రూపాయల అప్పు తీరాలి’ అన్నది లక్ష్యం.

మరి మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, ఉన్నదంతా అప్పుకే ఊడ్చి ఇవ్వక, జబ్బుకో చదువుకో అవసరపడే కొద్ది మొత్తం వేరుగా ఉంచుకోవాలి. లేకుంటే మొదటి కష్టానికే మళ్ళీ మూడు రూపాయల గుమ్మం తొక్కవలసి వస్తుంది. రెండవది, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయడం సాధారణంగా తగదు. తక్కువ వడ్డీకి బ్యాంకులోనో సహకార సంఘంలోనో దొరికితే, దానితో ఎక్కువ వడ్డీ అప్పును ఆనాడే మూసివేసేటట్టయితే మాత్రం అది వివేకమే. మూడవది, చెల్లించిన ప్రతిసారీ నోటు వెనుక చెల్లు వేయించుకోవాలి, రసీదు తీసుకోవాలి. అప్పు పూర్తిగా తీరిననాడు నోటు తిరిగి పుచ్చుకోవాలి. శంకర్ కథ మరవరాదు.

1992లో బ్యాంకులతో అనుసంధానం మొదలైన తరువాత స్వయం సహాయక సంఘాలు దేశమంతటా వ్యాపించినవి. తెలుగు ప్రాంతాల మహిళలు ఈ ఉద్యమంలో ముందు నిలిచారు. సంఘం సమావేశంలో ఎవరు ఎంత పొదుపు చేసినదీ, ఎవరి బాకీ ఎంత మిగిలినదీ అందరి ఎదుట పుస్తకం తెరిచి చదువుతారు. అక్షరం రాని సభ్యురాలు కూడా తన లెక్క చెవులారా వింటుంది. పయిలా బైశాఖ్‌నాడు వర్తకుని అంగడిలో ఏడాదికొకసారి జరిగేది ఇక్కడ సమావేశం జరిగినప్పుడల్లా జరుగుతున్నది.

అప్పు చేయడమే తప్పని మన పెద్దలు అనలేదు. ఊరికి ఉండవలసినవారిలో అప్పిచ్చేవానిని సుమతీ శతకకారుడు వైద్యునికంటె ముందు లెక్కించాడు. ఋణశేషాన్ని మాత్రం అగ్నిశేషంతో పోల్చి, మిగల్చవద్దన్నారు. మిగిలినది ఎంతో తెలియనివాడు దానిని ఆర్పలేడు.

విద్యార్థులు ఈ పనిలో తమ ఇంటికి ఎంతో సహాయపడగలరు. వడ్డీ లెక్క వారు పాఠశాలలోనే నేర్చుకుంటారు. రాబోయే సంవత్సరాదినాడు ఒక నోటుపుస్తకం తీసుకుని తల్లిదండ్రుల వద్ద కూర్చుని, వారు చెబుతుండగా ఇంటి పద్దు వ్రాయవచ్చు. ఆ రోజున ఒక్క రూపాయి బాకీ కూడా తీరకపోవచ్చు. కాని ఇంతకాలం ఒక్కరి గుండెలో ఉన్న బరువు ఇంటిల్లిపాదీ చదవగల లెక్క అవుతుంది. అక్కడి నుంచి దానిని నెలనెలా తగ్గించుకుంటూ రావచ్చు.